విద్యార్థి విలేకరి హక్కులు: క్యాంపస్ వార్త రాసే ముందు, రాశాక

మన దేశంలో విద్యార్థి విలేకరుల కోసం ప్రత్యేకించి చేసిన చట్టం ఏదీ లేదు. పత్రికాస్వేచ్ఛకు కూడా రాజ్యాంగంలో విడిగా ఒక అధికరణం లేదు. 19(1)(ఏ) అధికరణం పౌరులందరికీ ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలోనే అది ఇమిడి ఉందని 1950 నాటి రమేశ్ థాపర్ కేసు మొదలుకొని సుప్రీంకోర్టు చెబుతూ వస్తోంది. వ్యక్తిగా పౌరుడికి లేని ప్రత్యేక హక్కులేవీ పత్రికకు ఉండవని రాజ్యాంగ సభలో అంబేద్కర్ స్పష్టంగా వివరించారు. కాలేజీలో చదువుకుంటూ వార్తలు రాసేవారు ఈ వివరణను రెండు వైపుల నుంచీ అర్థం చేసుకోవాలి. ప్రభుత్వం విలేకరులకు ఇచ్చే అక్రిడిటేషన్ (గుర్తింపు) కార్డు, పత్రికా సంస్థలో ఉద్యోగం, జర్నలిజం డిగ్రీ వంటివి లేకపోయినా రాసే హక్కుకు లోటు లేదు. అదే సమయంలో, 'నేను విలేకరిని' అని చెప్పినంత మాత్రాన కేసుల నుంచి గానీ క్రమశిక్షణ చర్యల నుంచి గానీ అదనపు రక్షణ ఏదీ రాదు. అందువల్ల విద్యార్థి విలేకరిని ఆపదలో కాపాడేది చాలావరకు అతడు తేదీలతో సహా భద్రపరచుకున్న కాగితాలే. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతులన్నీ ఆ కాగితాలను ఎప్పుడు, ఎలా తయారు చేసుకోవాలన్న దాని చుట్టూనే తిరుగుతాయి.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. ఈ విషయంపై ఇంటర్నెట్‌లో దొరికే మార్గదర్శకాలు ఎక్కువగా అమెరికా విద్యార్థుల కోసం రాసినవి. బడి గేటు దాటినంత మాత్రాన విద్యార్థులు తమ హక్కులు కోల్పోరన్న 1969 నాటి టింకర్ తీర్పు, బడి నడిపే పత్రికపై యాజమాన్యానికి అధికారాన్ని పెంచిన 1988 నాటి హేజల్‌వుడ్ తీర్పు, ఆ తర్వాత కొన్ని రాష్ట్రాలు విద్యార్థి పత్రికల రక్షణకు చేసిన చట్టాలు అక్కడి చర్చకు పునాది. అవి చదవదగినవే. కానీ మన ప్రిన్సిపాల్‌కు ఇచ్చే వినతిపత్రంలో వాటిని ఉదహరిస్తే ఫలితం ఉండదు.

కాలేజీ ఎవరిది, పత్రిక ఎవరిది

మొదట తేల్చుకోవలసింది మీ విద్యాసంస్థ స్వభావం. కేంద్ర, రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ కళాశాలలు 12వ అధికరణం ప్రకారం 'రాజ్యం' కిందికి వస్తాయి కనుక వాటి నిర్ణయాలను ప్రాథమిక హక్కుల ప్రాతిపదికన నేరుగా హైకోర్టులో ప్రశ్నించవచ్చు. ప్రైవేటు కళాశాల విషయంలో దారి ఇంత సూటిగా ఉండదు. 19, 21 అధికరణాల కింది హక్కులను ప్రభుత్వేతర వ్యక్తులపై కూడా అమలు చేయించుకోవచ్చునని 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీ తీర్పు ఇచ్చిన మాట నిజమే. అయినా ఒక్క ఆ తీర్పునే నమ్ముకుని ప్రైవేటు యాజమాన్యంతో తలపడడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. అక్కడ విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలు, అనుబంధ విశ్వవిద్యాలయం నియమాలు, ప్రవేశ సమయంలో మీరు సంతకం చేసిన పత్రాలు ఎక్కువ పనికివస్తాయి. ఆ పత్రాల నకళ్లు మీ దగ్గర లేకపోతే ఈ వారమే సంపాదించండి.

తరువాతి ప్రశ్న పత్రిక గురించినది. కాలేజీ డబ్బుతో, కాలేజీ పేరుతో, అధ్యాపకుడు సంపాదకుడిగా వెలువడే వార్షిక సంచికలో ఏది ఉండాలో ఏది ఉండకూడదో నిర్ణయించే అధికారం ఆచరణలో ప్రచురణకర్త అయిన కాలేజీదే. మీ వ్యాసాన్ని అందులో వేయకపోవడాన్ని హక్కుల ఉల్లంఘనగా నిరూపించడం దాదాపు అసాధ్యం. అదే వ్యాసాన్ని మీరు సొంత బ్లాగులోనో, బయటి పత్రికలోనో ప్రచురించుకుంటే, దానికి ముందస్తు అనుమతి తీసుకోవాలని ఒక సర్క్యులర్ జారీ చేయడం వేరే సంగతి. 1986 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ కేసు ఇక్కడ బాగా అక్కరకు వస్తుంది. జాతీయ గీతం పాడలేదని కేరళలో ముగ్గురు పిల్లలను బడి నుంచి బహిష్కరించగా, భావప్రకటన స్వేచ్ఛకు హద్దులు పెట్టాలంటే చట్టబలం ఉన్న నిబంధన కావాలనీ, విద్యాశాఖ సర్క్యులర్లు చాలవనీ సుప్రీంకోర్టు తేల్చి, వారిని తిరిగి చేర్చుకోమంది. మీ కాలేజీ నోటీసుబోర్డు మీద 'అనుమతి లేనిదే ఏ మాధ్యమంలోనూ రాయరాదు' అన్న ఆదేశం కనిపిస్తే, అది ఏ చట్టం, ఏ నియమం కింద జారీ అయిందో రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చినా రాకపోయినా ఆ ఉత్తరం మీ ఫైలులో ఉండాలి.

సొంతంగా అచ్చు పత్రిక నడపాలనుకునేవారికి ఒక్క మాట. 1867 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన పత్రికలు, నియతకాలికాల రిజిస్ట్రేషన్ చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. క్రమం తప్పకుండా అచ్చయ్యే, ప్రజా వార్తలు లేదా వాటిపై వ్యాఖ్యలు ఉండే ప్రచురణకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఉల్లంఘిస్తే జరిమానా ఉంది. రాజకీయంగా మీరంటే గిట్టనివారు మొదట పట్టుకునేది ఇలాంటి సాంకేతిక లోపాన్నే కనుక, నెలనెలా అచ్చు వేసే ఆలోచన ఉంటే మొదటి సంచికకు ముందే ఈ పని పూర్తి చేసుకోవాలి.

సమాచారం రాబట్టడం

క్యాంపస్ వార్తకు 2005 నాటి సమాచార హక్కు చట్టాన్ని మించిన సాధనం లేదు. దాన్ని సరిగా వాడేవారు మాత్రం తక్కువ. దరఖాస్తు తిరస్కరణకు గురికావడానికి తరచుగా కారణం ప్రశ్న అడిగిన తీరే. 'హాస్టల్ భోజనం ఎందుకు ఇంత అధ్వానంగా ఉంది?' అని అడిగితే అధికారి ఒక్క వాక్యంతో కొట్టిపారేస్తారు, చట్టప్రకారం అది సరైనదే కూడా. ఉన్న రికార్డును ఇవ్వడమే తప్ప కారణాలను, అభిప్రాయాలను కొత్తగా తయారు చేసి ఇవ్వవలసిన బాధ్యత అధికారులపై లేదని 2011లో సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మూల్యాంకనం చేసిన జవాబు పత్రాన్ని విద్యార్థి చూడవచ్చునని తేల్చిన తీర్పు కూడా అదే. కాబట్టి ప్రశ్నను కాగితం పేరుగా మార్చి ఇలా రాయాలి:

'2023-24, 2024-25 విద్యా సంవత్సరాలకు బాలికల హాస్టల్ మెస్ నిర్వహణకు కుదిరిన ఒప్పందం నకలు. ఆ రెండు సంవత్సరాలలో జరిగిన మెస్ కమిటీ సమావేశాల మినిట్స్ నకళ్లు. గుత్తేదారుకు చెల్లించిన బిల్లుల నెలవారీ మొత్తాలు. ఆహార నాణ్యతపై అందిన ఫిర్యాదుల రిజిస్టరును స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం తెలుపగలరు.'

ఈ నాలుగింటిలో చివరిది చాలామందికి తెలియని హక్కు. సమాచారం అంటే నకళ్లు మాత్రమే కాదు, రికార్డును కూర్చుని పరిశీలించడం, అందులోంచి రాసుకోవడం కూడా సెక్షన్ 2(జె) కింద హక్కే. కేంద్ర నిబంధనల ప్రకారం పరిశీలనకు మొదటి గంట ఉచితం, ఆపై గంటకు 5 రూపాయలు. నకలుకు పేజీకి 2 రూపాయలు. దరఖాస్తు రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. రాష్ట్ర సంస్థలకు ఆయా రాష్ట్రాల రుసుము నిబంధనలు వర్తిస్తాయి. దరఖాస్తును మీ సొంత పేరుతో, పౌరుడిగా పెట్టండి. ఈ హక్కు పౌరులదని సెక్షన్ 3 చెబుతోంది కనుక, 'సంపాదకుడు, ఫలానా పత్రిక' అని రాసి అనవసరమైన అభ్యంతరానికి తావివ్వకూడదు. సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కరలేదని సెక్షన్ 6(2) స్పష్టం చేస్తోంది. ఆఫీసులో గుమాస్తా ఎంత ఆప్యాయంగా అడిగినా ఆ కారణం దరఖాస్తులో రాయవద్దు.

జవాబుకు గడువు 30 రోజులు. గడువు దాటితే ఆ సమాచారం ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకపోయినా, అసంపూర్తిగా వచ్చినా 30 రోజుల లోపు అదే సంస్థలోని పై అధికారికి మొదటి అప్పీలు, దాని తరువాత 90 రోజుల లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయవచ్చు. తగిన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా విధించే అధికారం కమిషన్‌కు ఉంది. కమిషన్ల దగ్గర అప్పీళ్లు పేరుకుపోయి ఉంటాయి కనుక రెండో అప్పీలు తేలేలోగా మీ చదువు పూర్తయిపోవచ్చు. అయినా మొదటి అప్పీలును ఎప్పుడూ వదులుకోవద్దు. కింది అధికారి దాచిన కాగితాలు ఆ దశలో బయటికి రావడం అరుదేమీ కాదు.

ప్రైవేటు కాలేజీ కదా, ఈ చట్టం వర్తించదు అనుకుని ఆగిపోనక్కరలేదు. ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులు పొందే ఎయిడెడ్ కళాశాలలు ఈ చట్టం పరిధిలోకి వస్తాయని 2019లో డీఏవీ కాలేజీ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. నిధులేమీ తీసుకోని కాలేజీ విషయంలోనూ పక్కదారి ఒకటి ఉంది. ఏదైనా చట్టం కింద ప్రభుత్వ సంస్థ ఒక ప్రైవేటు సంస్థ నుంచి తెప్పించుకోగల సమాచారం కూడా సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం 'సమాచారమే'. అంటే కాలేజీని అడగడానికి బదులు, ఆ కాలేజీ ఎవరికి లెక్కలు సమర్పిస్తుందో వారిని అడగాలి. ఫీజుల ప్రతిపాదనతో జతపరచిన ఆడిట్ లెక్కల కోసం తెలంగాణలో ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీని, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌ను, అధ్యాపకుల సంఖ్య, తనిఖీ నివేదికల కోసం సాంకేతిక విద్యను పర్యవేక్షించే అఖిల భారత మండలి ఏఐసీటీఈని లేదా అనుబంధ విశ్వవిద్యాలయాన్ని అడగవచ్చు. కాలేజీ వెబ్‌సైటులో చూపిన అధ్యాపకుల జాబితానూ, విశ్వవిద్యాలయానికి పంపిన జాబితానూ పక్కపక్కన పెట్టి చూడడం కంటే మంచి వార్తాంశం క్యాంపస్‌లో మరొకటి దొరకడం కష్టం.

వ్యక్తిగత సమాచారం పేరుతో తిరస్కరించే సెక్షన్ 8(1)(జె) ఇటీవల మరింత బిగుసుకుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఆ క్లాజును సవరించి, అందులో ఉన్న ప్రజాప్రయోజన మినహాయింపును తొలగించింది. కానీ రక్షించదలచిన ప్రయోజనం కంటే ప్రజాప్రయోజనం మిన్న అయినప్పుడు సమాచారం ఇవ్వవచ్చునని చెప్పే సెక్షన్ 8(2) అలాగే ఉంది. అప్పీలులో దాన్నే ఆధారం చేసుకోవాలి. అంతకంటే తేలిక, పేర్లు అడగకుండా సంఖ్యలు, మొత్తాలు మాత్రమే అడగడం.

ప్రచురణకు ముందు

ఆరోపణ ఎవరి మీద ఉందో వారి వివరణ అడగడాన్ని మర్యాదగానో, వృత్తి సంప్రదాయంగానో మాత్రమే చూడకూడదు. రేపు మీ మీద కేసు పడితే, మీరు సదుద్దేశంతో, తగిన జాగ్రత్త తీసుకుని రాశారని చూపే మొదటి సాక్ష్యం అదే. ఫోనులో అడిగితే సరిపోదు, ఈమెయిల్ పంపాలి. 'మీ వివరణ కావాలి' అన్న ఒక్క ముక్క పంపి ఊరుకోకుండా, మీరు రాయబోయే ప్రతి అంశాన్నీ ప్రశ్నగా మార్చి, జవాబుకు సహేతుకమైన వ్యవధి ఇవ్వాలి:

'ప్రత్యేక ఫీజు కింద 2024-25లో వసూలు చేసిన మొత్తంలో ప్రయోగశాలల కోసం ఖర్చయినది ఎంత అన్న ప్రశ్నకు, సమాచార హక్కు చట్టం కింద ఫలానా తేదీన మాకు అందిన జవాబులో సున్నా అని ఉన్నది. ఇది సరైనదేనా? కాని పక్షంలో సరైన మొత్తం, దాని ఆధారం తెలుపగలరు. శుక్రవారం సాయంత్రం 5 గంటలలోగా అందిన జవాబును వార్తలో యథాతథంగా చేరుస్తాము.'

ఇచ్చిన మాట ప్రకారం, జవాబు వస్తే మీకు నచ్చినా నచ్చకపోయినా అందులోని సారాంశం వార్తలో ఉండాలి. జవాబు రాకపోతే, ఎప్పుడు అడిగారో చెబుతూ రాలేదని రాయాలి. ప్రతి వార్తకూ ఒక ఫోల్డరు ఉంచుకుని, అందులో ఇంటర్వ్యూ నోట్సు తేదీలతో, ఆడియో ఫైళ్లు, పంపిన మెయిళ్లు, తొలి ప్రతి నుంచి తుది ప్రతి వరకు అన్నీ దాచాలి. వార్త వెలువడి ఏళ్లు గడిచాక కూడా ఇవి అవసరం పడవచ్చు.

పరువునష్టం విషయానికి వస్తే, మన దేశంలో అది సివిల్ తప్పిదమే కాక నేరం కూడా. 2024 జూలై 1 నుంచి, పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 దానికి వర్తిస్తుంది. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సామాజిక సేవ. పాత సెక్షన్ రాజ్యాంగబద్ధమేనని 2016లో సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. 'నిజమే కదా రాశాం' అనుకుని నిశ్చింతగా ఉండేవారు ఇక్కడే పొరబడతారు. సివిల్ దావాలో నిజం పూర్తి రక్షణ. క్రిమినల్ కేసులో మాత్రం రాసింది నిజం కావడంతో పాటు దాన్ని ప్రచురించడం ప్రజాహితం కోసమని కూడా చూపించాలి. ఒక అధ్యాపకుడి విడాకుల సంగతి నిజమే అయినా అది ప్రజాహితం కాదు. అదే అధ్యాపకుడు పరీక్షల విభాగంలో ఉండి డబ్బు తీసుకున్నట్టు విచారణ నివేదిక ఉంటే అది ప్రజాహితం. బహిరంగ రికార్డుల ఆధారంగా రాసినదానికీ, ప్రభుత్వోద్యోగులు తమ విధి నిర్వహణలో చేసిన పనులపై రాసినదానికీ 1994 నాటి ఆర్. రాజగోపాల్ కేసు విస్తృతమైన రక్షణ ఇచ్చింది. ప్రభుత్వం, స్థానిక సంస్థలు, పాలనాధికారం వాడే ఇతర సంస్థలు పరువునష్టానికి పరిహారం కోరుతూ దావా వేయజాలవని కూడా అదే తీర్పు చెప్పింది. అందుకే 'ఆరోపణలు వినిపిస్తున్నాయి', 'విశ్వసనీయ వర్గాల భోగట్టా' వంటి మాటల కంటే 'ఫలానా తేదీ నివేదిక 14వ పేజీలో ఇలా ఉంది' అన్న వాక్యం వార్తకూ మంచిది, మీకూ మంచిది.

క్రిమినల్ పరువునష్టం కేసులో పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టి అరెస్టు చేయలేరు. పరువు పోయిందనుకున్న వ్యక్తి మేజిస్ట్రేటు వద్ద ఫిర్యాదు చేయాలి. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని నిర్దేశించే కొత్త నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 223 ప్రకారం కేసును విచారణకు స్వీకరించే ముందే నిందితుడి వాదన వినే అవకాశం ఇవ్వాలి. లాయరు నోటీసు వచ్చినంత మాత్రాన కేసు పడినట్టు కాదు. కంగారులో వార్తను తొలగించడం, నోటీసు పంపినవారికి వాట్సాప్‌లో క్షమాపణలు రాయడం, పంతానికి పోయి మరో పోస్టు పెట్టడం ఈ మూడూ చేయకుండా, ముందు ఒక న్యాయవాదికి ఫోల్డరు మొత్తం చూపించాలి. వార్తలో నిజంగా తప్పు దొర్లి ఉంటే సవరణను ఆలస్యం చేయకుండా, తప్పు కనిపించిన చోటే, అంతే స్పష్టంగా వేయాలి.

ఎట్టి పరిస్థితిలోనూ బయటపెట్టకూడనివి

విద్యార్థి విలేకరులకు నిజమైన ప్రమాదం ప్రిన్సిపాల్‌ను విమర్శించడంలో కంటే, సానుభూతితో రాసిన వార్తలోనే ఎక్కువ పొంచి ఉంటుంది. లైంగిక దాడి బాధితురాలి గుర్తింపు తెలిసేలా రాయడం న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం. బాధితులు 18 ఏళ్లలోపు వారైతే పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం సెక్షన్ 23 మరింత కఠినం. పేరు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలతో పాటు పాఠశాల పేరు, ఉండే ప్రాంతం కూడా మీడియా వెల్లడించకూడదు. ఇంటర్మీడియట్ చదివే పిల్లలు ఎక్కువమంది 18 నిండనివారే అన్న సంగతి జూనియర్ కాలేజీల వార్తలు రాసేవారు ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. పేరు మార్చి రాస్తే సరిపోతుందనుకోవడం భ్రమ. మూడు వందల మంది ఉన్న క్యాంపస్‌లో 'మెకానికల్ రెండో సంవత్సరం, కొత్త హాస్టల్‌లో ఉండే, గత నెలలో ఇంటికి వెళ్లిపోయిన విద్యార్థిని' అని రాస్తే పేరు రాసినట్టే. గుర్తింపు వెల్లడి కావడమంటే ముక్కలు ముక్కలుగా ఇచ్చిన వివరాలు కలిసి ఒక మనిషిని చూపించడం కూడా అని 2018లో నిపుణ్ సక్సేనా కేసు తీర్పు చదివితే అర్థమవుతుంది.

అంతర్గత ఫిర్యాదుల కమిటీకి అందిన లైంగిక వేధింపుల ఫిర్యాదుల విషయంలో చిక్కు ఇంకొంచెం లోతైనది. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం సెక్షన్ 16 ఫిర్యాదులోని అంశాలను, బాధితురాలి, ప్రతివాది, సాక్షుల గుర్తింపును, విచారణ వివరాలను, కమిటీ సిఫార్సులను ప్రచురించడాన్ని నిషేధిస్తోంది. సమాచార హక్కు చట్టం కింద కూడా అవి దొరకవు. నిందితుడైన అధ్యాపకుడి పేరు బయటపెట్టాలన్న ఆవేశం న్యాయమైనదే అనిపించినా, ఆ కమిటీ కాగితాల నుంచి ఆ పేరు ప్రచురిస్తే చట్టాన్ని ఉల్లంఘించినవారు మీరవుతారు. గుర్తింపు వివరాలు లేకుండా బాధితురాలికి జరిగిన న్యాయం గురించి రాయడానికి మాత్రం ఆ సెక్షనే వీలు కల్పించింది. అసలు కమిటీ ఉందా, అందులో బయటి సభ్యురాలు ఉన్నారా, చట్టం కోరే వార్షిక నివేదిక సమర్పించారా, ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులు వచ్చి ఎన్ని పరిష్కారమయ్యాయి అన్న ప్రశ్నలకు ఏ అడ్డూ లేదు. చాలా కళాశాలలలో అసలు వార్త అక్కడే ఉంటుంది.

విద్యార్థుల ఆత్మహత్యల వార్తలలో విధానం, స్థలం, చివరి ఉత్తరం వంటి వివరాలు రాయకూడదని పత్రికల ప్రమాణాలను చూసే ప్రెస్ కౌన్సిల్ 2019లో స్వీకరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మానసిక చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటో గానీ వివరాలు గానీ వారి సమ్మతి లేకుండా మీడియాకు విడుదల చేయరాదని 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 24 నిర్దేశిస్తోంది.

మీకు సమాచారం ఇచ్చినవారు

'మీ పేరు ప్రాణం పోయినా చెప్పను' అని మాట ఇచ్చే ముందు చట్టం ఎక్కడిదాకా తోడు వస్తుందో తెలుసుకోవాలి. సమాచారం ఇచ్చినవారి పేరు చెప్పమని విలేకరిని బలవంతం చేయకూడదన్న రక్షణ 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం సెక్షన్ 15(2)లో ఉన్నా, అది ప్రెస్ కౌన్సిల్ విచారణలకే పరిమితం. న్యాయస్థానాల్లో కూడా అలాంటి రక్షణ ఉండాలని లా కమిషన్ 1983లో తన 93వ నివేదికలో సిఫార్సు చేసింది. నాలుగు దశాబ్దాల తరువాత వచ్చిన కొత్త సాక్ష్యాల చట్టం, భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అది చోటు చేసుకోలేదు. కాబట్టి మీరు ఇవ్వగల నిజాయితీ గల హామీ ఇంతే: 'నా అంతట నేను చెప్పను, కోర్టు ఆదేశిస్తే ఏం చేయాలో న్యాయవాదితో మాట్లాడి నిర్ణయిస్తాను.'

ఆచరణలో, మీకు తెలియనిదాన్ని మీ నుంచి ఎవరూ రాబట్టలేరు. పేరు అవసరం లేని చోట పేరు అడగవద్దు, నోట్సులో అసలు పేర్లు రాయవద్దు. కాలేజీ ఈమెయిల్, కాలేజీ వైఫై, కాలేజీ ల్యాబ్ కంప్యూటరు మీద అలాంటి సంభాషణలు నడపవద్దు. అందుకున్న పత్రాన్ని ఫొటో తీసి యథాతథంగా పోస్టు చేస్తే మూలలోని డెస్పాచ్ నంబరో, ప్రింటరు గుర్తో, ఫలానా వారికి మాత్రమే పంపిన ప్రతి అన్న సంగతో బయటపడి ఆ గుమాస్తా ఉద్యోగం పోవచ్చు. అవసరమైన వాక్యాలను మళ్లీ టైపు చేసి వేయడం మేలు.

మీ రాత మీదే

ఈ విషయం క్లుప్తంగానే చెప్పవచ్చు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచనకు మొదటి యజమాని రచయితే. విద్యార్థి కాలేజీకి ఉద్యోగి కాడు కనుక, రాతపూర్వకంగా హక్కులు బదిలీ చేయనంత వరకు కాలేజీ సంచికలో వచ్చిన వ్యాసం, ఫొటో మీవే. మీ పేరు ఉంచి, మీ ప్రతిష్ఠకు భంగం కలిగేలా అర్థం మార్చి అచ్చు వేస్తే సెక్షన్ 57 కింద అభ్యంతరం చెప్పవచ్చు. ఇతరుల రచనల నుంచి వర్తమాన ఘటనల నివేదన, విమర్శ, సమీక్షల కోసం సముచితంగా వాడుకోవడానికి సెక్షన్ 52 అనుమతిస్తుంది. అయితే మరొకరి ఇన్‌స్టాగ్రామ్ ఫొటోను అడగకుండా పూర్తిగా వాడుకోవడాన్ని ఆ మినహాయింపు కాస్తుందని ఆశించకూడదు.

షోకాజ్ నోటీసు వచ్చినప్పుడు

కేసుల కంటే ముందు, కేసుల కంటే తరచుగా ఎదురయ్యేది ఇదే. ప్రిన్సిపాల్ గదికి పిలిపించి, 'క్షమాపణ రాసి ఇచ్చేయ్, ఇక్కడితో వదిలేస్తాం' అంటారు. ఆ గదిలో కూర్చుని ఏమీ రాయవద్దు. 'అయ్యా, మీరు అడుగుతున్నది రాతపూర్వకంగా ఇప్పించండి, గడువులోగా జవాబు ఇస్తాను' అని మర్యాదగా చెప్పి బయటికి రావాలి. వచ్చాక జరిగిన సంభాషణను అదే రోజు తేదీ, సమయంతో రాసి మీకు మీరే ఈమెయిల్ చేసుకోవాలి. తల్లిదండ్రులకు ఆ సాయంత్రమే మీరే ఫోను చేసి చెప్పడం మంచిది. కాలేజీ వారు ముందుగా ఫోను చేస్తే కథ మరోలా చేరుతుంది.

షోకాజ్ నోటీసు, అంటే మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమనే లేఖ, చేతికి వస్తే జవాబులో ఆవేశం, రాజకీయం, పత్రికాస్వేచ్ఛ మీద ఉపన్యాసం ఉండకూడదు. ఏ నియమాన్ని ఉల్లంఘించానంటున్నారు, వ్యాసంలో ఏ వాక్యం అసత్యమంటున్నారు, ఫిర్యాదు నకలు ఇవ్వండి, నా వాదన స్వయంగా వినిపించే అవకాశం ఇవ్వండి అన్న నాలుగు అంశాలు చాలు. విద్యార్థిని శిక్షించే ముందు సహజ న్యాయ సూత్రాలు పాటించాలన్నది కొత్త వాదనేమీ కాదు. పరీక్షలో అక్రమం పేరుతో ఫలితాలు రద్దు చేసిన బోర్డు కూడా విద్యార్థుల మాట వినాల్సిందేనని 1962లోనే ఘన్‌శ్యామ్ దాస్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వార్తకు సంబంధం లేని నెపంతో శిక్షించే ఎత్తుగడ కూడా ఉంటుంది. హాజరు తక్కువైందనో, హాస్టల్‌లో ఫోను వాడావనో అంటారు. అందుకే హాజరు, ఫీజు బకాయిల విషయంలో విద్యార్థి విలేకరి మిగతావారి కంటే జాగ్రత్తగా ఉండాలి. హాస్టల్‌లో ఫోను వాడకంపై ఆంక్షలను ప్రశ్నించి బహిష్కరణకు గురైన విద్యార్థినిని తిరిగి చేర్చుకోవాలని 2019లో ఫహీమా షిరిన్ కేసులో కేరళ హైకోర్టు ఆదేశించిన సంగతి ఇక్కడ ఉపయోగపడుతుంది.

కాలేజీ స్థాయిలో న్యాయం జరగకపోతే యూజీసీ 2023 విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార నిబంధనల కింద ఏర్పాటైన కమిటీకి, ఆపైన అప్పీళ్లు వినే అంబుడ్స్‌పర్సన్‌కు వెళ్లవచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపివేయడం కూడా ఆ నిబంధనలలో ఫిర్యాదు చేయదగిన అంశమే. మన దగ్గర విద్యార్థుల నోరు నొక్కడానికి ఎక్కువగా వాడే ఆయుధం ఆ సర్టిఫికెట్లే కనుక ఈ సంగతి గుర్తుంచుకోదగినది. సస్పెన్షన్ వల్ల పరీక్ష తప్పిపోయే పరిస్థితి ఉంటే మాత్రం ఈ మెట్లన్నీ ఎక్కుతూ కూర్చోకుండా వెంటనే హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ (హక్కుల రక్షణ కోసం నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) వేయడం గురించి న్యాయవాదిని సంప్రదించాలి.

పోలీసులు పిలిస్తే

మాటలకు, రాతలకు సంబంధించి సాధారణంగా వాడే న్యాయ సంహిత సెక్షన్లు వర్గాల మధ్య శత్రుత్వానికి సంబంధించిన 196, తప్పుడు వార్తలకు సంబంధించిన 353. నిజమని నమ్మడానికి సహేతుకమైన కారణాలుండి, సదుద్దేశంతో ప్రచురించినదానికి 353లోనే మినహాయింపు ఉంది. ముందు చెప్పిన ఫోల్డరు ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే రాతల కేసులలో ఎఫ్ఐఆర్‌కు ముందే ప్రాథమిక విచారణ జరపడం సముచితమని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో ఒక కవితపై పెట్టిన ఎఫ్ఐఆర్‌ను కొట్టివేస్తూ సుప్రీంకోర్టు చెప్పింది. ఎఫ్ఐఆర్‌లో ఐటీ చట్టం 66ఏ కనిపిస్తే, ఆ సెక్షన్‌ను 2015 మార్చిలోనే శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేశారని న్యాయవాది ద్వారా గుర్తుచేయాలి.

ఫోనులో 'స్టేషన్‌కు ఒకసారి వచ్చి వెళ్లు' అంటే రాతపూర్వక నోటీసు అడగండి. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద నోటీసు వస్తే తప్పక హాజరు కావాలి. హాజరై సహకరిస్తున్న వ్యక్తిని కారణాలు రాయకుండా అరెస్టు చేయకూడదు. సాక్షిగా పిలిచే సెక్షన్ 179 నోటీసు అయితే స్త్రీలు స్టేషన్‌కు వెళ్లనవసరం లేదు, పోలీసులే నివాసానికి రావాలి. ఫోను, ల్యాప్‌టాప్ స్వాధీనం చేసుకుంటే సెక్షన్ 105 ప్రకారం ఆ ప్రక్రియను వీడియో తీయాలి, స్వాధీన పత్రం నకలు మీకు ఇవ్వాలి. అందులో పరికరం మోడల్, ఐఎంఈఐ నంబరు, వీలైతే హ్యాష్ విలువ (డేటాను తరువాత మార్చితే తెలిసిపోయే డిజిటల్ గుర్తు) నమోదయ్యేలా పట్టుబట్టండి. పాస్‌వర్డ్ చెప్పాలా వద్దా అన్నది న్యాయవాది వచ్చాకే తేల్చుకోవలసిన ప్రశ్న. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంటివారికి తెలపాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. విచారణ జరుగుతుండగా న్యాయవాదిని కలిసే హక్కు సెక్షన్ 38 కింద ఉంది. 18 నిండనివారిని లాకప్‌లో ఉంచడానికి వీల్లేదు, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకే తీసుకెళ్లాలి.

న్యాయవాది ఖర్చు గురించి వెనకాడనక్కరలేదు. 1987 న్యాయసేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం స్త్రీలు, 18 ఏళ్లలోపు పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఇతరులకు ఆదాయ పరిమితి వర్తిస్తుంది. జాతీయ న్యాయసేవల సంస్థ హెల్ప్‌లైన్ నంబరు 15100. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. నోటీసు వచ్చాక పరుగెత్తే కంటే, పత్రిక మొదలుపెట్టిన నెలలోనే సంపాదక వర్గంలో ఇద్దరు వెళ్లి అక్కడి ప్యానెల్ న్యాయవాదుల వివరాలు తెలుసుకుని, ఆ నంబర్లను ఫోనులోనే కాక ఒక కాగితం మీద కూడా రాసి పెట్టుకోవాలి. ఫోను స్వాధీనమైన రోజున అందులోని నంబర్లు మీకు అందుబాటులో ఉండవు.